ఇంకేమైనా వాడుతున్నారా

స్వాన్సీలో ఇంకా తెల్లారని ఏడింటికి
తెండాయి వచ్చి దుప్పటి తీస్తుంది.
పొడుగు కాడ అద్దాన్ని
పట్టు లేని నా వేళ్ళకి పట్టీతో కడుతుంది.
మెడ దగ్గర తంతి తెగింది, తొమ్మిదేళ్ళు.
కింది ఊళ్ళ కబుర్లు
అద్దం చెప్తేనే నాకు తెలుస్తాయి.

ఆ రోజు ఎడమ పిక్క మీద
నేరేడు పండు చిదిమినట్టు మచ్చ.
"ఎక్కడ కొట్టుకున్నావ్?" అంది.
నాకేం తెలుసు.
కొట్టుకున్నది కాలు. అది నాకు చెప్పి ఏడవదు.

మర్నాడు తొడ మీద ఇంకోటి.
పళ్ళు తోముకుంటే నురగ గులాబి రంగు.
నేను వద్దంటున్నా తెండాయి ఫోనందుకుంది.
రెండుకీ మూడుకీ మధ్య ఉండాల్సిన రక్తపరీక్ష అంకె
ఐదు దాటి కూర్చుంది.
వార్ఫరిన్ రెండు రోజులు ఆపమంది ఆసుపత్రి.

మూడోనాడు మందుల కొట్టులో నెరిస్
కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి అడిగింది:
"ఇంకేమైనా వాడుతున్నారా?"
"లేదండీ."
అబద్ధమాడలేదు.
పసుపు కూడా మందేనని ఎవరనుకుంటారు?

గడపకి రాసేది, గౌరమ్మని చేసేది,
తెగిన వేలికి అమ్మ అద్దేది,
జలుబు చేస్తే పాలల్లో చిటికెడు.
హైమవతి కార్డిఫ్ నుంచి సీసా తెచ్చి
"భుజం నొప్పికి, మన పసుపేగా" అంది.
ఆరు వారాలు, రోజుకి రెండు.
చిటికెడు కాదట అది.
గంపెడు పసుపుని పిండి, మిరియాల సారం తోడిచ్చి
గోరంత గొట్టంలో కూరారట.

"ఇంట్లో సీసా అన్నదల్లా సంచిలో వేసుకు రండి."
నెరిస్ బల్ల మీద పరిచి
పెళ్ళికి జాతకాలు చూసినట్టు చూసింది.
కాల్షియానికీ థైరాయిడ్ మాత్రకీ పొంతన లేదు,
నాలుగు గంటలు ఎడం ఉండాలి.
జుట్టు కోసం మింగే బయోటిన్
రక్తపరీక్షకే అబద్ధాలు నేర్పుతుంది.
పాలకూర మానక్కర్లేదు,
ఒక వారం మోపెడు, ఒక వారం సున్నా, అది కూడదు.

నాకు కోపమొచ్చింది. "అన్నీ మానేస్తాను" అన్నాను.
"ఈ కండరాల మాత్ర మాత్రం టక్కున ఆపకండి,
ఒళ్ళు విల్లులా బిగుస్తుంది.
మెట్టు మెట్టుగా దిగాలి, అదీ డాక్టరుకి చెప్పే."
"మెట్లు దిగి తొమ్మిదేళ్ళయింది."
ఒక్క క్షణం ఆగి, "అయితే ర్యాంపు మీద దిగండి" అంది.
ఇద్దరం పగలబడి నవ్వాం.
వరుసలో వెనకున్న ముసలాయన గడియారం చూసుకున్నాడు.

అడగ్గా తెలిసింది,
పిల్లలు తెరవకూడదని చేసిన మూతలకి బదులు
నాలాంటి వేళ్ళకి మామూలు మూతలిస్తారట.
ఇన్నాళ్ళూ పళ్ళతో తెరిచాను.

చిన్నప్పుడు ఆచారిగారు మందిచ్చే ముందు
నిన్న ఏం తిన్నావని అడిగేవారు.
పథ్యమంటే చప్పిడి కూడనుకున్నాను.
కాదు. పొట్టలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో
ఎరిగి ఉండటం.

మొన్న హైమవతి మళ్ళీ వచ్చింది,
చేతిలో అశ్వగంధ.
"ఇక్కడ పెట్టు, ముందు నెరిస్ చూడాలి" అన్నాను.
"నా మీద నమ్మకం లేదా?"
"నీ మీద ఉంది. నా కాళ్ళ మీదే లేదు,
రక్తం గూడుకట్టినా నోరు విప్పవు."
మూతి ముడుచుకుంది. టీ మాత్రం తాగింది.

ఈ పొద్దున అద్దంలో
నేరేడు మచ్చ ఊదా వదిలి, ఆకుపచ్చ దాటి,
అంచుల్లో పసుప్పచ్చగా తిరిగింది.
మానే దెబ్బకి చివర్న ఆ రంగే వస్తుందంటుంది తెండాయి.
అద్దం ఇంకాసేపు
అక్కడే పట్టుకోమన్నాను.